ముక్కులోని కండ, ఢిల్లీ గాలి

ప్రశ్న: మా తొమ్మిదేండ్ల అబ్బాయికి కుడిముక్కు ఏడాదిగా మూసికొనిపోవుచున్నది. లోపల కండ పెరిగినదట. ఇదంతయు అలర్జీయేనా? — ఒక తల్లి, నోయిడా

జవాబు: అమ్మా, ముక్కులో కనబడు ప్రతి ఉబ్బును పాలిప్ (ముక్కుకండ) కాదు. అలర్జీచే వాచిన టర్బినేటు (ముక్కు లోపలి పక్కగోడ మడత) తాకిన నొప్పి పుట్టును. పాలిప్ అయిననో, ఒలిచిన ద్రాక్షపండువలె పాలిపోయి నిగనిగలాడుచు, తాకినను నొప్పి నెరుగదు. (ఈ పరీక్ష మీ రింట చేయబోకుడు.) చిరకాలపు శోథచే లోపొర నీరుపట్టి జారుటయే దీని పుట్టుక, అలర్జీ ఆ శోథకు ఆజ్యము పోయునే గాని, అన్నివేళల మూలకారణము కాదు. దీపావళి నాటి పొగయు, విలాయతీ కీకరు చెట్టు పుప్పొడియు మీ ప్రాంతమున ఆ ఆజ్యము పోయు పనియే చేయుచున్నవి.

అయినను మీ ప్రశ్నలో నన్ను నిలిపినది "కుడిముక్కు" అన్న మాట. పిల్లలలో ఒకవైపుననే పెరుగు పాలిప్ తరచుగా పైదవడ యెముకలోని సైనస్ (గాలిగది)లో పుట్టి, వెనుకగా గొంతువైపు సాగును. దానికి మందులు చాలవు, ఎండోస్కోపుతో వేరుతోసహా తీయవలెను, వేరు మిగిలిన మరల మొలచును. రెండువైపుల నున్నచో సిస్టిక్ ఫైబ్రోసిస్ అను జన్యువ్యాధి లేదని తేల్చుటకు చెమట పరీక్ష అవసరము. అలర్జీ శోథకు ముక్కులో కొట్టు స్టెరాయిడ్ స్ప్రే ఉపకరించును. ఆ ఒక్క ముక్కునుండియే దుర్వాసనతో చీమిడి కారినచో, కారణము ఎప్పుడో దూర్చుకొన్న శనగగింజయు కావచ్చును.

స్ప్రే మార్చుచు ఇంకొక ఋతువు గడపక, ముందుగా ఇ.ఎన్.టి. వైద్యునిచే ఎండోస్కోపు పరీక్ష చేయింపుడు.