వుయ్ అంటే మనమా? మేమా?

పిల్లలూ! మీలో చాలామంది ఇంట్లో తెలుగు, ఆటస్థలంలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడతారు. అమ్మకో నాన్నకో బదిలీ అయితే మరో భాష కూడా వచ్చి చేరుతుంది. ఇన్ని భాషల మధ్య తిరిగేవారిని ఎక్కువగా తికమకపెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు. నేను, నువ్వు, మనం లాంటి చిన్న మాటలే.

ముందుగా నామవాచకం సంగతి చూద్దాం. నది, నగరం, అమ్మాయి అనేవి ఆ జాతికంతటికీ చెల్లే పేర్లు. ఇంగ్లీషులో వీటిని కామన్ నౌన్ అంటారు. గోదావరి, భోపాల్, లక్ష్మి అనేవి ప్రత్యేకంగా పెట్టిన పేర్లు. ఇవి ప్రాపర్ నౌన్. ఇంగ్లీషులో ప్రాపర్ నౌన్ మొదటి అక్షరం క్యాపిటల్‌లో రాయాలి. వారాల పేర్లకు, నెలల పేర్లకు, భాషల పేర్లకు కూడా ఇదే నియమం. తెలుగు లిపిలో క్యాపిటల్ అక్షరాలు లేవు కాబట్టి మనం ఇక్కడ తరచుగా తప్పు చేస్తాం. 'మై మదర్' అన్నప్పుడు మదర్‌కు చిన్న అక్షరం చాలు. 'మై' లేకుండా అమ్మను పేరు పెట్టి పిలిచినట్టు 'మదర్' అంటే మాత్రం క్యాపిటల్ కావాలి.

నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం, అంటే ప్రోనౌన్. ఈ వాక్యాలు చూడండి: "లక్ష్మి పుస్తకం కొన్నది. చెల్లికి ఇచ్చింది." రెండో వాక్యంలో 'ఆమె' లేదు, 'దాన్ని' కూడా లేదు. అయినా అర్థమైంది. 'వచ్చాను' అంటే నేనని, 'వచ్చావు' అంటే నువ్వని తెలుగు క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో 'కేమ్' ఎవరు వచ్చినా 'కేమ్' గానే ఉంటుంది. అందుకే అక్కడ 'ఐ', 'యు', 'షీ' వదిలేస్తే వాక్యం నిలబడదు. "వాన పడుతోంది" అనడానికి కూడా "ఇట్ ఈజ్ రైనింగ్" అనాల్సిందే. ఆ 'ఇట్' ఏ వస్తువునూ సూచించదు, కర్త స్థానాన్ని నింపుతుంది, అంతే.

ఇక మర్యాద. వాడు, అతను, ఆయన - ఈ మూడింటికీ ఇంగ్లీషులో ఒక్కటే 'హీ'. నువ్వు, మీరు - రెండింటికీ 'యు'. పూర్వం ఇంగ్లీషులో కూడా ఒక్కరిని చనువుగా పిలవడానికి 'దౌ' అనే మాట ఉండేది. 'యు' పలువురికి, పెద్దలకు వాడేవారు. కాలక్రమంలో 'దౌ' వాడుక నుంచి తప్పుకుంది, 'యు' అందరికీ మిగిలింది. అంటే నేటి 'యు' ఒకప్పటి 'మీరు' అన్నమాట! ఒక్కరితో మాట్లాడినా 'యు ఆర్' అంటాం గాని 'యు ఈజ్' అనకపోవడానికి కారణం ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైనది 'వుయ్'. కొత్త బడిలో చేరిన రోజున ఎవరో "వుయ్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్ టుడే" అన్నారనుకోండి. మిమ్మల్ని పిలుస్తున్నట్టా? మీరు లేకుండా ఆడుకుంటామని చెబుతున్నట్టా? ఆ మాట ఒక్కదానితో తేలదు. హిందీ 'హమ్'తోనూ ఇదే చిక్కు. తెలుగులో ఈ సందేహానికి చోటు లేదు. వినేవాణ్ణి కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ భాషల్లో కూడా ఈ తేడా ఉంది. మరాఠీలో 'ఆపణ్' అంటే మనం, 'ఆమ్హీ' అంటే మేము.

ఇంగ్లీషులో ఈ తేడా చెప్పలేమా? చెప్పగలం. "లెట్స్ ప్లే" అంటే ఎదుటివారిని కలుపుకున్నట్టే. "లెట్ అస్ గో" అని విడదీసి అంటే "మమ్మల్ని వెళ్ళనివ్వండి" అని కూడా అర్థం వస్తుంది. "యు టూ" అని ఒక్క మాట చేర్చినా చాలు, కొత్తగా వచ్చిన పిల్లవాడికి సందేహం తీరిపోతుంది.

హిందీ, ఇంగ్లీషు అలవాటు వల్ల కొందరు తెలుగులో కూడా ఈ తేడా మరచిపోతున్నారు. "మనం నిన్న సినిమాకి వెళ్ళాం" అని, వెంట రాని అమ్మమ్మతో ఫోన్‌లో చెబితే ఆవిడ "నేనెప్పుడు వచ్చానే?" అంటుంది. అక్కడ 'మేము' అనాలి. ఇంగ్లీషు నేర్చుకోండి, హిందీ నేర్చుకోండి. ఎన్ని ఊళ్ళు మారినా, మనం, మేము అనే ఈ రెండు మాటలను మాత్రం కలిపేయకండి.

అభ్యాసం: ఈ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. తేడా పోకుండా ఏ మాట చేర్చాలో ఆలోచించండి.
1. రేపు మేము మ్యూజియంకి వెళ్తున్నాం.
2. రేపు మనం మ్యూజియంకి వెళ్తున్నాం.
3. ఆయన వచ్చారు. వాడు వచ్చాడు.
4. చలిగా ఉంది.