కుందేలు గోళ్లు తీయడం ఎలా?

తోట్లవల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డున చెరకు తోటల్లో తిరిగే అడవి కుందేలుకు గోళ్లు ఎవరు తీస్తారు? ఎవరూ తీయనక్కరలేదు. పరుగెత్తేటప్పుడు, నేల గీరేటప్పుడు అవే అరుగుతాయి. దానిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

మనం ఇళ్లలో పెంచే కుందేలు జాతి వేరు. దాని పూర్వీకులు ఐరోపాలో బొరియలు తవ్వుకుని బతికేవి. బోనులో తవ్వడానికి మట్టి ఉండదు. గోరు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చివరికి బోను వలలో చిక్కుకుని విరుగుతుంది.

ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. గోరు చివర మన గోరులాగే కెరటిన్ అనే ప్రోటీను. కత్తిరిస్తే నొప్పి ఉండదు. దాని లోపల రక్తనాళం, నరం ఉన్న ఎర్రని భాగం ఉంటుంది. తెల్ల గోరులో అది కనబడుతుంది. నల్ల గోరయితే వెనక నుంచి టార్చిలైటు వేసి చూడండి. ఆ ఎరుపుకు రెండు మిల్లీమీటర్లు ఇవతలే కత్తిరించాలి.

అసలు ప్రమాదం గోరులో లేదు, భయంలో ఉంది. పైకెత్తితే శత్రువు పట్టుకుందని కుందేలు బెదురుతుంది. గింజుకుని వెనక కాళ్లు బలంగా విదిలిస్తే దాని వెన్నెముకే విరగవచ్చు! చెవులు పట్టి ఎత్తకండి. వెల్లకిలా పడుకోబెడితే కదలదు. అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవడం.

నేల మీదే కూర్చుని, తువ్వాలు చుట్టి, ఒక్కొక్క కాలే బయటికి తీయండి. పెద్దవారొకరు పట్టుకుంటే మేలు. గింజుకుంటే ఆపేయండి, మిగిలినవి రేపు తీయవచ్చు. రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది, అదిమి పట్టండి. ఆగకపోతే పశువైద్యునికి చూపించండి.