త్రాచును కట్లపామును

మన ఇబ్రహీంపట్నము కొండపల్లి కొండలకును కృష్ణానదికిని నడుమ నున్నది. ఇచ్చటినుండి సముద్రతీరము వఱకు ఎచ్చట జూచినను వరిపొలములు, కాలువగట్లు, గడ్డివాములు. వరి యున్నచోట ఎలుకలును, ఎలుకలున్నచోట పాములును నుండుట సహజము. జెఱ్ఱిపోతు, నీరుకట్టె మున్నగు ననేక సర్పములకు మనకు హాని చేయు విషము లేదు. త్రాచు, కట్లపాములను గూర్చి మాత్రము బాలబాలికలెల్లరు తెలిసికొనవలయును.

ఈ రెండును ఎలాపిడే యను కుటుంబమునకు జెందినవి. తూర్పు కనుమలలోని గిరినాగును, సముద్రపు పాములును వీనికి జ్ఞాతులు. రక్తపింజరి వేఱొక కుటుంబముది; దాని కోఱలు పొడవైనవి, నోరు మూసినపుడు మడతపడును. త్రాచు కట్లపాముల కోఱలు పొట్టివి. పైదవడ ముందుభాగమున కదలక నిలిచియుండును. కంటి వెనుకనున్న గ్రంథులలో బుట్టిన విషము ఈ కోఱలగుండ దిగును. విషము పామునకు ప్రధానముగ ఆహారము సంపాదించుకొను సాధనమే కాని, మనుష్యునిపై పగ తీర్చుకొనుటకు గాదు.

కట్లపాముల జాతికి శాస్త్రనామము బంగారస్. ఇది మన 'బంగారు' పదమే. పదునెనిమిదవ శతాబ్దాంతమున విశాఖపట్టణమందు నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, పసుపుపచ్చని పట్టెలు గల యొక పామునకు ఇచ్చటివారు పెట్టిన 'బంగారు పాము' అను పేరును 1796లో ప్రకటితమైన తన గ్రంథమున వ్రాసికొనెను. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదాన్ దానినే జాతినామముగ గైకొనెను.

మన కండరములు నరముల ఆజ్ఞచే కదలును. నరముకొననుండి వెలువడు నొక ద్రవ్యము, తాళమునకు తాళపుచెవి వలె, కండరమునకు దగిలి దానిని కదలించును. త్రాచు విషము ఆ తాళమును మూసివేయును. కాటుచోట వాపును, మంటయు గలిగించును. కట్లపాము విషము తాళమును మూయుటయేగాక నరముకొననే చెఱచును. అందువలన ఆలస్యముగ నిచ్చిన మందు అంతగా ఫలింపదు.

త్రాచు పడగ విప్పి బుసకొట్టి హెచ్చరించును. కట్లపాము హెచ్చరింపదు. అది రాత్రివేళ ఇండ్లలో జొచ్చి, నేలపై నిదురించువారిని కఱచును. నొప్పి యుండదు, గాటైనను కానరాకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పి పుట్టును, కనుఱెప్పలు వాలును, మాట తడబడును. అజీర్ణమని యింటివారు తలంచుచుండగనే ఊపిరి సన్నగిల్లును.

మనదేశమున 2000 నుండి 2019 వఱకు పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి. వీరిలో అత్యధికులు పల్లెలవారు. కావున మేము కోరునది యేమన: నేలపై పరుండకుడు, మంచముపై దోమతెర కట్టి, దాని యంచులు పరుపుక్రింద దోపుడు. కట్టెలను, పిడకలను ఇంటిగోడకు దూరముగ నుంచుడు. చీకటిలో దీపము లేక నడువకుడు.

కాటు తగిలినచో కోయరాదు, పీల్చరాదు, త్రాటితో బిగింపరాదు. మంత్రమునకై కాలము పోగొట్టరాదు. కఱవబడినవానిని కదలనీయక వెంటనే ఆసుపత్రికి జేర్చవలయును. గుఱ్ఱముల రక్తమునుండి తయారగు నొకే మందు త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషములకు విరుగుడు. ఊపిరి తగ్గినను, యంత్రముచే శ్వాస నిలిపి ప్రాణము కాపాడవచ్చును.

కట్లపాము జాతికి పేరిచ్చినది మన భాష. దాని విషమునుండి మన పిల్లలను కాపాడుకొను జ్ఞానమును మన ఇండ్లలోనే యుండవలయును.