చెరిపేసినా ఆగని ఈమెయిళ్లు

అక్కర్లేని ఈమెయిల్‌ని చెరిపేస్తే ఆ ఒక్క మెయిలే పోతుంది. పంపేవారి జాబితాలో చిరునామా అలాగే ఉంటుంది. రిటైరైన చాలామంది పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని చేసే వృథా చాకిరీ ఇలా చెరిపేయడమే. కంప్యూటర్‌లో జీమెయిల్ వాడుతుంటే, అక్కర్లేని మెయిల్‌ని తెరిచి, పైన ఆశ్చర్యార్థకం ఉన్న గుర్తు నొక్కితే స్పామ్‌లోకి పోయి, 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. ఆ తర్వాత అలాంటివి చాలావరకు అటే మళ్లుతాయి. ఎప్పుడో చీర కొన్న దుకాణం ప్రకటనలకైతే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ చాలు. ముక్కూమొహం తెలియనివారి మెయిల్‌లో మాత్రం ఆ లింకు జోలికి పోకూడదు. నొక్కితే ఈ చిరునామా వాడుకలో ఉందని వాళ్లకు చెప్పినట్టే. మెయిల్‌లో ఎవరైనా ‘లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, పెన్షన్ ఆగిపోతుంది’ అంటూ ఓటీపీ అడిగితే అది మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.