పంది పిల్లలు మెచ్చు గింజలు

పందుల పెంపకములో లాభనష్టములు చాలవరకు పిల్లలు పాలు మానునాటికే తేలిపోవును. ఈనిన 3, 4 వారములకు తల్లి పాలు హెచ్చుస్థాయికి చేరి, పిమ్మట తగ్గనారంభించును. పిల్లల ఆకలి మాత్రము దినదినము పెరుగుచుండును. ఈ లోటును దాణాయే తీర్చవలెను. దాణాకు అలవాటుపడక మునుపే పాలు మాన్పించిన పిల్ల చిక్కిపోవును. పారుడు వ్యాధికి సులభముగా లోనగును.

“దాణా పెట్టినను పిల్లలు మూతి పెట్టుటలేదు” అని చెప్పు రైతులు కలరు. పంది రుచిని, వాసనను బాగుగా ఎరిగిన జంతువు. కావున ముందుగా గింజను పరీక్షింపుడు.

నూకలలో పీచు తక్కువ. లేత కడుపునకు తేలికగా జీర్ణమగును. మొక్కజొన్నలను పిల్లలు ఇష్టముగా తినును. తెల్లజొన్నలును మంచివే. కాని టానిను అను వగరు పదార్థము హెచ్చుగా గల జొన్న రకములను పిల్లలు అంతగా తినవు. తిన్నను అందలి మాంసకృత్తులు సరిగా వంటబట్టవు. తవుడులో నూనె యుండుటచే నిలువయున్నచో ముక్కవాసన పట్టును. తాజాది మాత్రమే వాడుడు. బూజు పట్టిన గింజలను, చెక్కను ఎన్నడును పెట్టరాదు. అందు అఫ్లాటాక్సిన్ అను విషముండవచ్చును.

గింజలను మధ్యరకముగా మర పట్టించవలెను. మరీ మెత్తని పిండి దుమ్ముగా లేచి మూతికి అంటుకొనును; కడుపులో పుండ్లకును దారితీయవచ్చును.

మీ పిల్లలు ఏ గింజను మెచ్చునో మీ దొడ్డిలోనే తెలిసికొనవచ్చును. నాలుగవ వారము దాటిన పిదప మూడు ఒకే రకపు తొట్లలో నూకలు, మొక్కజొన్నలు, జొన్నలు వేరువేరుగా అర కిలో చొప్పున తూచి పోయుడు. మరునాడు ఉదయము మిగిలినది తూచి వ్రాసికొనుడు. ప్రతిదినము తొట్ల స్థానములను మార్చవలెను; లేనిచో పిల్లలు గింజను గాక, అలవాటుపడిన చోటును ఎన్నుకొనును. 6 దినములలో ప్రతి తొట్టియు ప్రతి చోటను రెండుసార్లు ఉండును. ఈ దినములలో క్రింద చెప్పిన మిశ్రమమును కూడ విడిగా అందుబాటులో నుంచవలెను. పిల్లలు మెచ్చిన గింజలలో మీ ఊరిలో చౌకగా దొరకుదానిని ఎన్నుకొనుడు.

అయితే, ఇష్టమైన గింజ ఒక్కటే చాలదు. ధాన్యములలో లైసిన్ అను మాంసకృత్తుల అంశము తక్కువ. కావున 100 కిలోల దాణాకు ఈ పాళ్లలో కలుపుడు:

మర పట్టించిన మొక్కజొన్నలు – 58 కిలోలు
వేరుశనగ చెక్క – 20 కిలోలు
ఉప్పు లేని ఎండుచేపల పొడి – 10 కిలోలు
గోధుమ తవుడు – 10 కిలోలు
ఖనిజ లవణ మిశ్రమము – 2 కిలోలు

మొక్కజొన్నలలో కొంత భాగమునకు బదులుగా నూకలు గాని తెల్లజొన్నలు గాని వాడవచ్చును.

రెండవ వారమునుండియే, పిల్లలు మాత్రమే దూరగల కంతతో ఒక మూలను కట్టి, అక్కడ రోజుకు పలుమార్లు పిడికెడు చొప్పున తాజా దాణా ఉంచుడు. మిగిలినదానిని తీసి తల్లికి వేయుడు. ప్రక్కనే మంచినీరు ఉండవలెను. తల్లి పాలలో ఇనుము చాలదు గనుక, మొదటి వారములోనే ఇనుము సూదిమందు విషయమై పశువైద్యుని సంప్రదింపుడు.

పిల్లలు తగినంత దాణా తినుట కన్నులార చూచిన పిమ్మటనే పాలు మాన్పించుడు. మాన్పించిన తరువాత రెండు వారములపాటు అదే దాణా కొనసాగింపుడు.