బందరు, దివిసీమ స్నానాలకు వెళ్తే రాత్రి మకాం ఎక్కడ?

కార్తీకంలోనో మాఘంలోనో సముద్ర స్నానానికి బయల్దేరేవాళ్లు చాలామంది బెజవాడలో గది తీసుకుంటారు. తెల్లారాక బండెక్కి, ఎండ ముదిరే వేళకు రేవు చేరతారు. పిల్లలు అప్పటికే అలిసిపోతారు, పెద్దవాళ్లకు స్నానం సరిగా దక్కదు, గుడి తలుపులు మూసే వేళవుతుంది. ఒక్క రాత్రి డెల్టాలోనే పడుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

1. తెల్లవారుజామున ఎక్కడ ఉండాలో తేల్చుకున్నాకే గది వెతకండి. మంగినపూడి రేవులో స్నానం, చిలకలపూడి పాండురంగడి దర్శనం అనుకుంటే బందరులో దిగండి. ఊరి నుంచి మంగినపూడి పదకొండు కిలోమీటర్లే, చిలకలపూడి ఊళ్లో భాగమే. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగి, హంసలదీవి వేణుగోపాలస్వామిని చూడాలంటే అవనిగడ్డలో ఉండండి. అక్కడి నుంచి కోడూరు మీదుగా దారి. రెండు స్నానాలూ చేయాలనుకుంటే రెండు రాత్రులు, రెండు ఊళ్లు. ఒకే గదిలో ఉండి రెండు వైపులకూ పరుగెత్తితే మిగిలేది ప్రయాణమే.

2. దివిసీమకు రైలు లేదు. బెజవాడ నుంచి వచ్చే లైను గుడివాడ జంక్షన్‌లో చీలి ఒకటి బందరుకు, ఒకటి భీమవరం వైపుకు వెళ్తుంది. రాత్రి పొద్దుపోయి రైలు దిగేవాళ్లు చీకట్లో దివిసీమ దాకా వెళ్లాలని పంతం పట్టకుండా గుడివాడలోనో బందరులోనో పడుకోవడం మేలు. గుంటూరు వైపు వాళ్లకు ఇంకో దారి ఉంది. రేపల్లె దాకా రైల్లో వచ్చి, పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటితే అవనిగడ్డ దగ్గరే.

3. గది అద్దె కంటే ముందు నీళ్ల సంగతి అడగండి. జపాన్ కొండల్లో హకోనే, కుసత్సు లాంటి వేడినీటి ఊళ్లకు వెళ్లేవాళ్లు బస చూసుకునేటప్పుడు తొట్టిలోకి వచ్చేది నేరుగా ఊట నీరేనా, తిప్పి తిప్పి వాడే నీరా అని ఆరా తీస్తారు. మన తీరంలో ఆ ఆరా ఇంకా అవసరం. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది. ఫోను చేసినప్పుడు “ఏవండీ, బాత్రూంలో వచ్చేది బోరు నీళ్లా, మంచి నీళ్లా?” అని నేరుగా అడగండి. ఉప్పు నీళ్లేనంటే ఆఖరి చెంబుకు రెండు బకెట్ల మంచినీళ్లు విడిగా ఇస్తారేమో కనుక్కోండి. గీజరు ఉందంటే సరిపోదు, తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు ఉంటుందో లేదో, జనరేటర్ మీద గీజరు పనిచేస్తుందో లేదో కూడా అడగాలి. తాగడానికి టిన్ను నీళ్లు గదిలో పెట్టించుకోండి.

మంగినపూడి రేవు తెల్లటి ఇసుక రేవు కాదు, నల్లటి మెత్తటి ఒండ్రు. స్నానం చేసి వచ్చేసరికి కాళ్లకు, బట్టలకు ఆ మట్టి పట్టి ఉంటుంది. అందుకే గది ఖాళీ చేసి స్నానానికి వెళ్లకండి. గది లెక్క 24 గంటలదా, మధ్యాహ్నం 12 గంటలదా అని దిగేటప్పుడే తేల్చుకుని, తిరిగొచ్చి ఒళ్లు కడుక్కునే వ్యవధి ఉంచుకోండి.

4. పోటు, పాటు వేళలు ముందురోజు సాయంత్రమే తెలుసుకోండి. మనం పుణ్యమని వెళ్లే పౌర్ణమి రోజునే సముద్రం పోటు ఎక్కువగా ఉంటుంది. సూర్యుడు, చంద్రుడు భూమికి చెరో వైపు ఒకే వరుసలో ఉండి నీటిని లాగడం వల్ల నీళ్లు మామూలు కంటే పైకి వస్తాయి, తీసేటప్పుడు అంతే బలంగా తీస్తాయి. సంగమం దగ్గర నది ఒరవడి కూడా దానికి తోడవుతుంది. పైకి నిమ్మళంగా కనిపించే నీళ్లను నమ్మి లోపలికి నడవొద్దు. అక్కడి బెస్తవాళ్లకు ఏ వేళకు నీళ్లు ఎక్కడికొస్తాయో కంఠోపాఠం. వాళ్లను “అన్నా, పోటు ఎప్పుడు?” అని అడిగి దాన్నిబట్టి మేలుకునే వేళ పెట్టుకోండి. దగ్గర్లో పడుకోమని నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే. దూరం నుంచి వచ్చినవాళ్లు ఏ వేళకు చేరితే ఆ వేళకే దిగుతారు, సముద్రం మాత్రం తన వేళ ప్రకారమే నడుస్తుంది.

5. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గర పుట్టు వెంట్రుకలు తీయించడానికి, చెవులు కుట్టించడానికి చంటిపిల్లలతో వెళ్తున్నారా? గుడికి నడిచి వెళ్లేంత దగ్గర్లో గది చూడండి. దేవస్థానం వసతి గురించి ముందు అడగండి, దొరక్కపోతే అవనిగడ్డ పక్కనే. గుండు చేయించిన బిడ్డకు వెంటనే గోరువెచ్చటి నీళ్లు పోయాలి, పాలు కాచుకోవాలి. ఆ రెంటికీ వీలుంటే గది చిన్నదైనా ఫర్వాలేదు. నాగుల చవితి, సుబ్రహ్మణ్య షష్ఠి రోజుల్లో మాత్రం పసివాళ్లను ఆ రద్దీలోకి తీసుకెళ్లొద్దు. మొక్కు ఇంకో వారం ఆగుతుంది.

6. కార్తీక పౌర్ణమికి బందరులో, మాఘ పౌర్ణమికి హంసలదీవి వైపు గదులు దొరకడం కష్టం. నెల ముందే చెప్పి ఉంచండి. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. ఆ పన్నెండు రోజులకు చుట్టాలు, స్నేహితులు ఎవరున్నారో ఇప్పటి నుంచే గుర్తుంచుకోండి.

7. కార్తీకం తుపాన్ల నెల కూడా. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన, రెండూ కార్తీకంలోనే వచ్చాయి. మొదటిదాంట్లో సుమారు ముప్పై వేలమంది పోయారు. రెండోదాంట్లో అధికారిక లెక్కే పదివేలకు చేరువ. వాయుగుండం అన్న మాట వినిపిస్తే ప్రయాణం మానుకోండి, అడ్వాన్సు పోయినా సరే. వెళ్లాక వినిపిస్తే రేవు పక్క బస వదిలి లోపలి ఊళ్లకు వచ్చేయండి. గది తీసుకునేటప్పుడు మేడ మీది గదే అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద గదే కావాలంటే ఎండాకాలం ప్రయాణం పెట్టుకోవచ్చు, మే నెల తుపాన్లు మాత్రం చూసుకోండి.

8. కాలువలు, చేపల చెరువులు, వరిచేలు ఉన్న నేల ఇది. కిటికీలకు దోమల జాలీ లేని గది వద్దు.

9. కూచిపూడి, మొవ్వ, ఘంటసాల బౌద్ధ స్తూపం, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి చూడటానికి విడిగా గది అక్కర్లేదు. పామర్రు నుంచి చల్లపల్లి వైపు వచ్చేటప్పుడో, తిరిగి వెళ్లేటప్పుడో అటూ ఇటూగా తగులుతాయి. పల్లెటూరి గుళ్లు మధ్యాహ్నం మూస్తారు కనుక పొద్దున్న గుళ్లు, మధ్యాహ్నం స్తూపం అని వరుస పెట్టుకోండి. కలంకారీ అచ్చులు వేసేది చూడాలంటే పెడన బందరు పక్కనే, గుడివాడ రైలు దారిలోనే ఉంది.

10. నాగాయలంక దాటి ఎదురుమొండి దీవికి, మడ అడవుల వైపుకు వెళ్లాలనుకునేవాళ్లు రాత్రి బస ఇవతలి గట్టునే పెట్టుకోండి. ఆఖరి పంటు ఎన్నింటికో వెళ్లేటప్పుడే అడగండి. గాలి లేస్తే పంటు ఆపేస్తారు.

11. వెంట పాత తువ్వాళ్లు, బట్టలు ఆరేసుకోవడానికి నైలాన్ తాడు, తడి బట్టలకు గోనెసంచి, టార్చిలైటు ఉంచుకోండి. బందరు లడ్డూ, హల్వా తిరుగు ప్రయాణం రోజున కొనండి. ముందే కొంటే గదిలో చీమలు వదలవు.