పోటీ పరీక్షల ప్రత్యేకం: లాలాజల గ్రంథులు – డిఫ్యూజన్ ఎంఆర్ఐ

నోరు, కళ్లు ఎండిపోవడాన్ని వయసు ప్రభావమని వదిలేయొద్దు. అది షోగ్రెన్ సిండ్రోమ్ కావచ్చు. రోగనిరోధక వ్యవస్థ సొంత లాలాజల, కన్నీటి గ్రంథులపైనే దాడి చేసే స్వయం ప్రతిరక్షక వ్యాధి ఇది. బాధితుల్లో అత్యధికులు మహిళలే.

ముఖ్యాంశాలు
- పేరు: స్వీడన్ నేత్ర వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ నుంచి వచ్చింది. ఈ వ్యాధిపై ఆయన సిద్ధాంత గ్రంథం 1933లో వెలువడింది.
- ప్రధాన లాలాజల గ్రంథులు 3 జతలు: పెరోటిడ్ (అతి పెద్దది), అధోజంభిక, అధోజిహ్విక.
- ఈ గ్రంథుల్లో మార్పులను గమనించేందుకు వాడే డిఫ్యూజన్ ఎంఆర్ఐ కణజాలంలో నీటి అణువుల కదలికను కొలుస్తుంది. ఫలితాన్ని ఏడీసీ (అపరెంట్ డిఫ్యూజన్ కోఎఫిషియంట్) అంటారు.
- లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కిక్కిరిసినా, గ్రంథి కొవ్వుగా మారినా ఏడీసీ తగ్గుతుంది. వాపుతో నీరు చేరితే పెరగవచ్చు. అందుకే ఒక్క అంకెతో వ్యాధిని తేల్చరు.
- డిఫ్యూజన్ ఎంఆర్ఐకి ఎక్స్-కిరణాలు, సూది అవసరం లేదు.
- షోగ్రెన్ సిండ్రోమ్ 2016 అంతర్జాతీయ వర్గీకరణ ప్రమాణాల్లో పెదవి బయాప్సీ, యాంటీ-ఎస్ఎస్ఏ ప్రతిదేహాల పరీక్ష ఉన్నాయి, ఎంఆర్ఐ లేదు.
- ఎంఆర్ఐకి 2003 వైద్య నోబెల్: పాల్ లాటర్బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్.

లెక్క చూడండి
బీ-విలువ (స్కాన్‌లో డిఫ్యూజన్‌కు స్పందించే తీవ్రత) 0 నుంచి 1000కు పెంచినప్పుడు ఎంఆర్ఐ సంకేతం 100 నుంచి 37కు పడితే, ln(100/37) ÷ 1000 ప్రకారం ఏడీసీ సుమారు సెకనుకు 0.001 చదరపు మి.మీ.

స్థానికాంశం
ఖిలా వరంగల్‌కు చేరువలోని ఎంజీఎం ఆసుపత్రి, 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయ కేంద్రమూ వరంగలే.

మాదిరి ప్రశ్న
డిఫ్యూజన్ ఎంఆర్ఐ దేని కదలికను కొలుస్తుంది?
1) రక్తకణాలు 2) నీటి అణువులు 3) కాల్షియం 4) గ్లూకోజ్
జవాబు: 2

నెలల తరబడి నోరు ఎండిపోతుంటే వైద్యుణ్ని కలవమని ఇంట్లోవాళ్లకూ చెప్పండి.